అక్క నోట్‌బుక్‌లో పది గీతల అక్షరం

మందులు అయిపోయి నలభై రోజులైంది. దగ్గు లేదు, సాయంత్రపు జ్వరం లేదు. అయినా మెట్లెక్కి ఆయాసం వస్తే ఒక్కక్షణం ఆగి, ఇది మామూలు ఆయాసమా, ఆ ఆయాసమా అని చూసుకుంటాను. పక్క గదిలో ఎవరైనా గొంతు తగ్గిస్తే చెవి అటే పోతుంది. ఊపిరితిత్తులు బాగయ్యాయి కానీ ఈ అలవాటు బాగవలేదు. పది నెలల డైరీ ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. నోటితో చెప్పమంటే నాకు నాలుగు మాటలు దాటవు.

జూన్, జూలై

మాది కారేపల్లి దగ్గర చిన్న ఊరు. నాయిన పత్తి వేస్తాడు. అమ్మ ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. నేను డిగ్రీ అయ్యాక ఇంట్లోనే ఉన్నాను, దొరికిన పుస్తకమల్లా చదువుతూ.

పత్తి గింజలు పెట్టే రోజుల్లో దగ్గు మొదలైంది. పొద్దుగూకేసరికి ఒళ్లు వెచ్చబడేది. అమ్మ మౌనికక్కకు ఫోన్ చేసింది. మౌనికక్క మా పెద్దమ్మ కూతురు. చైనాలో ఆరేళ్లు డాక్టరు చదువు చదివి వచ్చింది. ఇక్కడ వైద్యం చేయాలంటే రాయాల్సిన పరీక్ష ఇంకా పాసవలేదు. మణుగూరులో అమ్మానాన్నల దగ్గర ఉండి దానికే చదువుతోంది. మా చుట్టాల లెక్కలో మాత్రం ఆమె విమానం దిగిన రోజే డాక్టరైపోయింది. ఎవరికి కడుపునొప్పి వచ్చినా అక్కకు వీడియో కాల్.

"నాలుక చూపియ్ చెల్లె," అంది అక్క ఫోన్లో. చూపించాను.

"తెమడ పడుతుందా?"

"కొంచెం."

"ఎప్పటినుంచి?"

"ఏమో."

"అడిగితే గాని నోరు తెరువది గిది," అంది అమ్మ వెనకనుంచి. "పుస్తకంలనైతే పేజీలు పేజీలు రాస్తది."

అక్క మందుల పేర్లు మెసేజ్ పెట్టింది. ఐదు రోజులు వేసుకున్నాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. మళ్లీ ఫోన్, వేరే మందులు. ఒకసారి నాయిన, "ఖమ్మం పోయి చూపిద్దామా?" అన్నాడు.

"ఇంట్లనే డాక్టరమ్మ ఉండంగ ఆడ లైన్ల కూసునుడు ఎందుకయ్యా? పిల్ల చిన్నబుచ్చుకోదా?" అంది అమ్మ.

అమ్మ పిల్ల అన్నది నన్ను కాదు, అక్కను. అక్కను కాదని ఇంకొకరికి చూపిస్తే ఆమె చదువును అవమానించినట్టవుతుందని అందరికీ భయం. నాక్కూడా. అలా రెండు నెలలు పోయాయి.

ఆగస్టు

ఒక పొద్దున తువాలు మీద ఎర్ర చుక్క కనిపించింది. దాన్ని నీళ్లలో పిండేసి ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు మళ్లీ పడితే అమ్మ చూసింది.

ఖమ్మంలో ఒక ప్రైవేటు దవాఖానకు పోయాం. అక్క మణుగూరు నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. ఎక్స్‌రే తీశారు. బల్లల మీద జనం, గోడ మీద శబ్దం లేని టీవీ. నర్సు నా పేరు పిలిస్తే లేచి నిలబడ్డాను. అక్క నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"నువ్వు కూసో. నేనూ బాబాయీ పోయొస్తం."

రోగి నేను, లోపలికి పోయింది వాళ్లు. తలుపుకు ఉన్న చిన్న అద్దంలోంచి డాక్టరు వేలు ఫిల్ము మీద ఒకచోట ఆగడం, అక్క తల వంచుకోవడం కనిపించాయి. బయటికొచ్చాక నాయిన నా వైపు చూడకుండా, "నిమ్మేనంట బిడ్డా," అన్నాడు.

మా ఇంట్లో ఛాతీలో ఏది వచ్చినా నిమ్మే. కానీ నిమ్ముకు ఎవరి కళ్లూ అంత ఎర్రబడగా నేను చూడలేదు.

నాలుగు రోజుల్లో నన్ను మణుగూరు పంపాలని తేల్చారు. పక్కింటావిడ అడిగితే అమ్మ, "కంప్యూటర్ కోర్సుకు పోతుంది వదినా," అని చెప్పడం కిటికీలోంచి విన్నాను. దగ్గుతో నడవలేని పిల్లను కంప్యూటర్ కోర్సుకు ఎందుకు పంపుతున్నట్టు? ఆ రోజు డైరీలో ఆ ఒక్క ప్రశ్నే ఉంది.

సెప్టెంబరు

పెద్దనాయిన బొగ్గు గనిలో పనిచేస్తాడు. కంపెనీ క్వార్టరు, రెండు గదులు, మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ జరిగితే కిటికీ రెక్కలు గడగడలాడతాయి. వెనక గది నాకు ఇచ్చారు. కిటికీ ఎప్పుడూ తెరిచి ఉంచమన్నారు. మాస్కు పెట్టుకోమన్నారు.

"ఎందుకు పెద్దమ్మా?"

"బొగ్గు దుమ్ము బిడ్డా."

పెద్దమ్మ మాత్రం మాస్కు పెట్టుకోదు. ఆమెను ఆ దుమ్ము ఏమీ చేయదేమో అనుకున్నాను. నా పళ్లానికి, గ్లాసుకు గోళ్లరంగు చుక్క పెట్టింది. అదేమిటని నేను చూస్తుంటే, "నీదని గుర్తు, అంతే. కలిసిపోతయని," అంది. ఆ ఇంట్లో మిగిలినవాళ్ల గ్లాసులు కలిసిపోయినా ఎవరికీ పట్టలేదు.

మందుల సంగతి ఇంకా విచిత్రం. అక్క మాత్రల్ని అట్టల్లోంచి ఒలిచి ఒక గాజు సీసాలో పోసింది. అట్ట మీద పేరు చదవనీయకుండా అన్నమాట.

"మందు పేరేందక్కా?"

"యాంటీబయాటిక్. పేర్లు నీకెందుకు, మింగు."

మింగిన కొన్నాళ్లకు మూత్రం నారింజ రంగులోకి మారింది. భయపడి ఫోన్లో వెతికితే పది నిమిషాల్లో తేలిపోయింది. టీబీ. ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇంకొంచెం చదివితే, మందులు సరిగ్గా వాడితే నయమవుతుందని ఉంది. అక్కడే నా అనుమానం మొదలైంది. నయమయ్యేదైతే ఇంతమంది కలిసి ఎందుకు దాచాలి? టీబీని చూపించి దాని వెనక ఇంకేదో దాస్తున్నారు.

నాకు తెలిసిపోయిందని ఎవరికీ చెప్పలేదు. వాళ్లు దాస్తే నేనూ దాచాను.

అప్పటినుంచి అక్కను గమనించడం మొదలుపెట్టాను. రోజూ సాయంత్రం నా జ్వరం చూశాక తన పరీక్ష పుస్తకాల మధ్యలోంచి నీలి అట్ట నోట్‌బుక్ తీసి నాలుగైదు వరుసలు రాస్తుంది. ఆమె గుడికి పోయినప్పుడు తీసి చూశాను. అంతా చైనా రాత. మధ్యలో అంకెలు మాత్రం నాకు తెలిసినవే. నిన్నటి నా జ్వరం, ఆదివారం నా బరువు. అంటే అది నా గురించే. పక్క గదిలో ఉన్న నేను చదవకుండా ఉండాలనే ఆ భాషలో రాస్తోంది.

ఫోన్ కెమెరా పెట్టి తెలుగులోకి మార్చమంటే చిందరవందరగా ఏవో మాటలు వచ్చాయి. గబగబా రాసిన చేతిరాత దానికి అందలేదు. కానీ ప్రతి పేజీలోనూ ఒక అక్షరం పదే పదే కనిపించింది. దాన్ని మాత్రం ఫోన్ ప్రతిసారీ ఒకేలా చదివింది: జబ్బు.

అక్టోబరు

సజ్జ మీద అట్టపెట్టెలో అక్క మొదటి ఏడాది చదివిన భాషా పుస్తకం దొరికింది. దవాఖాన పాఠంలో ఆ అక్షరం పెద్దగా ఉంది: 病. పలకడం బింగ్, గొంతు పైనుంచి ఒక్కసారిగా కిందికి దించి. పక్కన ఏ గీత ముందు, ఏ గీత తర్వాత అని అంకెలు వేశారు. పైన చుక్క, దాని కింద అడ్డగీత, ఆ గీత ఎడమకొస నుంచి కిందికి జారే పొడవు గీత, దానికి బయట రెండు చిన్న గీతలు. ఇది మంచం మీద పడుకున్న మనిషి అని పుస్తకం చెప్పింది. తర్వాత లోపల ఇంకో ఐదు గీతలు. మొత్తం పది.

డైరీ వెనక పేజీల్లో రోజూ రాశాను. మొదట గుడిసె కూలినట్టు వచ్చేది. వారానికి నిలబడింది. గీతల వరుస తెలిశాక ఇంకో దారి కూడా దొరికింది. ఫోన్ తెర మీద వేలితో అదే వరుసలో గీస్తే అది అక్షరాన్ని గుర్తుపట్టి అర్థం చెబుతుంది. అంటే అక్క రాసిన ఏ అక్షరమైనా గీతలుగా విడదీయగలిగితే చాలు.

ఆ పాఠంలో మాటలు నన్ను ఆశ్చర్యపరిచాయి. జబ్బు పక్కన మనిషిని పెడితే రోగి, 病人, బింగ్‌రెన్. జబ్బు పక్కన గది పెడితే వార్డు, 病房, బింగ్‌ఫాంగ్. జబ్బు సెలవు 病假, బింగ్‌జ్యా. జబ్బు చూపించుకోవడానికి పోతే 看病, కాన్‌బింగ్. డాక్టరు జబ్బును చూసినా అదే మాట. ప్రతి మాటలోనూ జబ్బు ఎదురుగా కూర్చుని ఉంది. మా ఇంట్లో ఎవరూ దాని పేరెత్తరు. "పానం మంచిగ లేదు" అంటారు, "జర నలతగ ఉంది" అంటారు. బతికేవాళ్లకూ పోయేవాళ్లకూ అదే మాట. ఎంత బాగాలేదో ఎవరికీ తెలియదు.

పుస్తకం చివరి పట్టికలో, మంచం మీద మనిషి ఉన్న అక్షరాలన్నీ వెతికాను. నొప్పి, అలసట, బక్కచిక్కడం. ఒకటి చూసి చెయ్యి ఆగింది: 癌, క్యాన్సర్. అక్క నోట్‌బుక్‌లో ఆ అక్షరం కోసం మూడు మధ్యాహ్నాలు వెతికాను. లేదు. ఊరట కలగాలి కదా, కలగలేదు. వేరే మాటతో రాసిందేమో అనుకున్నాను.

నాలుగో మధ్యాహ్నం ఒక చిన్న వాక్యానికి అర్థం దొరికింది. వరుసగా ఐదారు పేజీల్లో ఉంది అది. "ఆమెకు తెలియదు."

టీబీ అని నాకు తెలుసు. మరి నాకు తెలియనిదేమిటి?

ఆ మర్నాటినుంచి మందులు మింగడం మానేశాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే ఈ వ్యాసం ఎందుకు? నా లెక్క ఇలా సాగింది. నయంకాని జబ్బయితే ఈ మాత్రలు నన్ను ఊరుకోబెట్టడానికి ఇస్తున్నారు. మానేసి చూస్తే తెలుస్తుంది. అక్క నా చేతిలో మాత్రలు పెట్టి ఆన్‌లైన్ క్లాసుకు పోయేది. నేను వాటిని బాత్రూం తూములో వేసి నీళ్లు పోసేదాన్ని. మూడో రోజుకు మాత్రలతో వచ్చే కడుపు తిప్పడం పోయింది, ఆకలి పుట్టింది. పెద్దమ్మ సంతోషంగా, "అన్నం మారు అడుగుతుంది, సూడవే మౌనికా," అంది. నాకు రుజువు దొరికినట్టయింది.

ఆరో రోజు అక్క కొత్త పేజీలో మూడక్షరాల మాట కనిపించింది: 疑心病, యీషిన్‌బింగ్. చివరిది నా పాత పరిచయస్తుడే. మొదటి రెండూ ఫోన్లో గీశాను. అనుమానపు జబ్బు. దాని ముందు వాక్యంలో "ఆమె" అని ఉంది, అంటే నేనే. ఒళ్లు మండింది. దాచేది వాళ్లు, జబ్బు నాకా?

ఎనిమిదో రోజు సాయంత్రం ఒళ్లు వెచ్చబడింది. దగ్గులో పాత చప్పుడు వినిపించింది. జ్వరం చూసి అక్క రెండోసారి థర్మామీటరు పెట్టింది. ఆ రోజు నోట్‌బుక్‌లో చాలాసేపు రాసింది.

మర్నాడు ఆ పేజీ తీశాను. ఇప్పుడు నాకు భయం పట్టుకుంది, మందులు మానిన భయం. అందుకే ఓపిగ్గా ఒక్కో అక్షరం గీశాను. మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయ్యేసరికి నాలుగు వరుసలు తెలుగులో నా డైరీలో ఉన్నాయి. "మళ్లీ జ్వరం. మందు పనిచేయడం లేదా? రెండు నెలలు ఆమెకు జబ్బు, నేను ఫోన్లో జబ్బు చూశాను. రోగి తప్పు లేదు, తప్పు నాది."

అంతే. వెనక ఇంకేమీ లేదు. పేజీలు వెనక్కి తిప్పితే ఆగస్టు నుంచీ అదే అక్షరం, 错, తప్పు, జబ్బు పక్కనే ఉంది. నేను జబ్బునే వెతికాను కాబట్టి దాన్ని చూడలేదు.

నోట్‌బుక్ తిరిగి పెట్టలేదు. దాన్ని పట్టుకుని వరండాలోకి పోయాను. అక్క బట్టలు ఆరేస్తోంది.

"సదివినవా?" అంది. గొంతులో కోపం లేదు.

"కొంచెం."

"ఎంతవరకు?"

"నీ తప్పు అన్నకాడి దాక."

ఆమె చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది. నేను ఇంకోమాట అనకపోతే ఆ రోజు ఆమె తప్పుతోనే ముగిసేది. అది నాకు సులువుగా ఉండేది కూడా.

"అక్కా, నేను మందులు ఏసుకుంటలేను. ఎనిమిది రోజులైంది."

ఆమె తిడుతుందనుకున్నాను. చీర తీగ మీద పడేసి లోపలికి పోయి ఫైలు తెచ్చింది. "చెప్పులేసుకో. భద్రాచలం పోదాం."

బస్సు అశ్వాపురం దాటింది. తర్వాత నేనే అడిగాను. "టీబీ అని నాకెందుకు చెప్పలే?"

"తెలుసా నీకు?"

"సెప్టెంబర్లనే."

అక్క కిటికీకి తల ఆనించింది. "చిన్నమ్మ వద్దన్నది. ఊళ్లె తెలుస్తే బడిల వంటకు రానియ్యరని. బిడ్డకు టీబీ ఉన్న మనిషి వండితే పిల్లల్ని తిననిస్తరా?"

"నేనేమన్న ఊరంత చెప్తనా? నాకు మాటలే రావాయె."

"అన్నీ పుస్తకంల రాస్తవంట గద. ఎవరన్న తీసి సదువుతరని."

"నా పుస్తకం ఎవ్వరు సదవరక్కా."

"నాది గూడ ఎవ్వరు సదవరనుకున్న," అంది. అప్పుడు ఇద్దరికీ నవ్వొచ్చింది. నాకు దగ్గొచ్చింది. నవ్వు ఆగిపోయింది.

అక్టోబరు చివర, నవంబరు

భద్రాచలం ప్రభుత్వ దవాఖానలో వరండా బల్ల మీద మా వంతు కోసం కూర్చున్నాం. మాస్కులు, దగ్గులు, కోయ భాషలో మాటలు. నా పక్కన కూర్చున్నామె భర్తతో కోయలో ఏదో చెప్పి, సంచిలోంచి ఉడకబెట్టిన తేగ తీసింది. మధ్యకు విరిచి సగం నా చేతిలో పెట్టింది.

"నాకు టీబీ," అన్నాను. ఆ మాట నా నోటితో అనడం అదే మొదటిసారి.

"ఈయనకు గూడ అదే," అంది భర్తను చూపిస్తూ. "ఎండకాలం మోసుకొచ్చిన. ఇప్పుడు సూడు, చేపలకు పోతనని నాతోటి కొట్లాట. తిను తల్లీ, సల్లారిపోతది."

గోళ్లరంగు చుక్క లేని తిండి తిని ఎన్నాళ్లయిందో అప్పుడు గుర్తొచ్చింది.

ఈసారి లోపలికి ఇద్దరం పోయాం. డాక్టరు ఫైలు తిప్పి, "మొదట రెండు నెలలు ఎవరు చూసిండ్రు?" అన్నాడు. పరీక్ష పాసైతే అక్క ఇంటర్న్‌షిప్ చేయాలనుకుంటున్నది ఆ దవాఖానలోనే. ఆమె ఏదైనా చెప్పొచ్చు. ఊరి ఆర్ఎంపీ మీద తోసేయొచ్చు. నేను ఆమె మొహమే చూస్తున్నాను, అబద్ధం ఎక్కడ మొదలవుతుందా అని.

"నేనే సార్. ఫోన్లో. కఫం పరీక్ష రాయలేదు."

గదిలో ఉన్న నర్సు తలెత్తి చూసింది. డాక్టరు అది ఫైల్లో రాసుకున్నాడు. తర్వాత నన్ను, "మరి మందులు?" అన్నాడు.

"నేనే మానేసిన సార్. ఇంట్ల వాళ్ల తప్పు లేదు."

కఫం మళ్లీ తీసుకున్నారు. మందులకు లొంగని రకంగా మారిందేమో చూడాలన్నారు. అలా మారితే వైద్యం చాలాకాలం పడుతుందని, మందులు ఇంకా గట్టివని డాక్టరు నాకే చెప్పాడు, అక్కకు కాదు. పాత మాత్రలే ఆ రోజే మళ్లీ మొదలుపెట్టమన్నాడు. ఫలితం వచ్చేదాకా గడిచిన రోజులు నా డైరీలో తేదీలు మాత్రమే. రాయడానికి ఏమీ లేదు. ఇంతకాలం ఇతరులు దాచినదాన్ని చూసి భయపడ్డాను. ఇప్పుడు దాపరికమేమీ లేని భయం, నా చేతులతో నేను తెచ్చుకున్నది.

ఫలితం వచ్చింది. మారలేదు. అవే మందులు చాలు, మానిన రోజులు చివర కలపాలి అన్నారు.

డిసెంబరు నుంచి

గాజు సీసా పోయింది. మందులు అట్టల్లోనే ఉంటాయి. నేను పేరు చదివి, మింగి, అక్కకు నోరు తెరిచి చూపించాలి. అది ఆమె షరతు. మొదట్లో నాకు చిన్నతనంగా ఉండేది.

"నమ్మకం లేదా నామీద?" అన్నాను ఒకరోజు.

"లేదు," అంది. "తెరువు."

నేనూ ఒక షరతు పెట్టాను. నా గురించి ఎవరితో ఏం మాట్లాడినా నా ముందే మాట్లాడాలి. పెద్దమ్మకు ఇది కష్టమైంది. గొంతు తగ్గించబోయి నన్ను చూసి పెంచేది. గోళ్లరంగు చుక్కను ఆమే సబ్బు పెట్టి రుద్దింది, అది పోలేదు. ఆ పళ్లెంలో ఇప్పుడు పెద్దనాయిన తింటాడు.

మందుల చివరి నెలల్లో అమ్మకు నేనే ఫోన్లో చెప్పాను, నాకు టీబీ అని తెలుసని. తర్వాతివారం తను కూడా కఫం పరీక్ష చేయించుకుని, లేదని రాసిచ్చిన కాగితం తీసుకుని హెడ్‌మాస్టరు దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన వంట మాన్పించలేదు. మూడిళ్లవాళ్లు మాత్రం పిల్లలకు టిఫిన్ డబ్బాలు కట్టి పంపడం మొదలుపెట్టారు. ఒక డబ్బా ఆగింది. రెండు ఇంకా వస్తున్నాయి. అమ్మ రోజూ చూస్తుంది, చూడనట్టు వడ్డిస్తుంది. ఇది అందంగా ముగిసిందని రాయలేను.

అక్క పరీక్ష ఇంకా పాసవలేదు. నాకు రోజుకొక అక్షరం నేర్పుతోంది. ఉచ్చారణ నాకు రాదు, నోరు తెరవడం అలవాటు లేక. రాయడం మాత్రం వస్తోంది.

మందులు ఆగిన తర్వాతి వారం, మధ్యాహ్నం అక్క ఫోన్ మోగింది. తిరుమలాయపాలెం నుంచి మా మామ. దగ్గు మూడు వారాలుగా తగ్గడం లేదు, ఏదన్నా మంచి మందు మెసేజ్ పెట్టమన్నాడు. స్పీకరులో ఉంది, మా షరతుతో వచ్చిన అలవాటు.

"ఫోన్లో చెప్పను మామా. దవాఖానకు పోయి కఫం పరీక్ష చేపియ్."

"ఏందమ్మా, సొంత మేనమామకు గూడ అపాయింట్‌మెంటా? పెద్ద డాక్టరువైనవ్."

"డాక్టర్ను కాలేదు మామా. అందుకే చెప్తున్న."

"మీ అమ్మతోని మాట్లాడుతలే," అని పెట్టేశాడు. పెద్దమ్మ వంటింట్లోంచి, "గట్ల కటువుగ చెప్తరా, ఏమనుకుంటడు," అంది. అక్క చదువుతున్న పేజీలో వేలు పెట్టి అలాగే కూర్చుంది.

రెండు రోజుల తర్వాత మామ నుంచి ఒక ఫోటో వచ్చింది, మాటేమీ లేకుండా. దవాఖాన ఓపీ చీటీ. అక్క చూసి నవ్వబోయింది.

"ఆగక్కా," అన్నాను. "తేదీ సూడు. పాతదేమో."

ఆమె వేళ్లతో ఫోటోను పెద్దది చేసింది. ఇద్దరం వంగి చూశాం. ఆ రోజు తేదీనే.